చూడని గురువుకు శిష్యుడు

శిష్యరికం అంటే గురువు చెంత కూర్చోవడమేగా! విశాఖవాసి ఎక్కిరాల కృష్ణమాచార్యకు ఆ భాగ్యమే లేదు. గురువు మాస్టర్ సి.వి.వి. కుంభకోణంలో 1922లోనే కన్నుమూశారు. శిష్యుడు పుట్టిందేమో 1926లో! అయినా గురువు చూపిన యోగమార్గాన్నే జీవితాంతం పట్టుకున్నారు. ఇల్లు వదల్లేదు, కాషాయం కట్టలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు పాఠాలు చెప్పారు. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ప్రార్థన... గురువు పేరు తలచి నమస్కరించడంతో మొదలు. వచ్చిన రోగులకు ఉచితంగా హోమియో మాత్రలు. నిజానికి ప్రార్థన కన్నా ఈ మందులపెట్టె ముందు కూర్చోవడమే కష్టమైన సాధన!

1971లో విశాఖలో వరల్డ్ టీచర్ ట్రస్ట్ స్థాపించారు. యూరప్‌ వెళ్లీ బోధించారు. 1984లో ఆయనా వెళ్లిపోయారు. ఆ తర్వాత ట్రస్టును నడిపింది శిష్యుడు కె. పార్వతీకుమార్. ఆయనా గృహస్థే.