విమానం కాలు విరగకూడదంటే..

గాల్లోకి లేపడం వరకూ అందరం హీరోలమే. అసలు సినిమా దిగేటప్పుడే! నెలల తరబడి రాత్రుళ్లు కూర్చుని బల్సా చెక్క కోసి, అతికించి, రంగులేసిన స్కేల్ మోడల్.. మొదటి ల్యాండింగ్‌లోనే ‘టక్’మంటుంది. చక్రం ఒకవైపు, విమానం ఇంకోవైపు. కాలు ఒక్కటే పోతే అదృష్టమే. చాలాసార్లు పోతూ పోతూ విమానం పొట్ట కూడా చీల్చేస్తుంది.

ఏఎస్ రావు నగర్ కుర్రాళ్లకి మెటీరియల్ కరువు మాత్రం లేదు. ఈసీఐఎల్‌ని నిలబెట్టిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలిసిన ఏరియా ఇది. కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం.. ఎటు బండి తిప్పినా లేత్ చప్పుడే. కానీ వర్క్‌షాప్‌కి వెళ్లి ‘అన్నా, గట్టి రాడ్ ఒకటివ్వు’ అంటాం చూడండి, తప్పు అక్కడే మొదలవుతుంది. కాలికి కావాల్సింది గట్టిదనం ఒక్కటే కాదు. వంగాలి, మళ్లీ యథాస్థానానికి రావాలి.

చిన్న లెక్క వేద్దాం. 2 కిలోల మోడల్‌ని 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మీ ఫోన్ నిలబెట్టినంత ఎత్తు నుంచి వదిలారనుకోండి. కాలు 2 సెంటీమీటర్లు వంగి ఆపితే పడే బరువు సగటున 17 కిలోలు. అదే కాలు మొండిగా 2 మిల్లీమీటర్లే వంగితే? 152 కిలోలు! విమానం అదే, ఎత్తూ అదే. ఆ 152 కిలోలు పడేది పాపం పొట్టలోని ప్లైవుడ్ ముక్క మీద.

అందుకే పాతకాలం నుంచీ మొదటి ఛాయిస్ పియానో వైర్. ఎక్కువ కార్బన్ ఉన్న స్ప్రింగ్ స్టీల్ ఇది. బట్టలారేసే జీఐ తీగ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ వంచితే అలాగే ఉండిపోతుంది. కొనేముందు కొంచెం వంచి వదలండి, వెనక్కి రాకపోతే వద్దనేయండి. కిలో, కిలోన్నర మోడల్‌కి 3 ఎంఎం, రెండున్నర కిలోల ట్రైనర్‌కి 4 ఎంఎం వైర్ వాడటం మామూలు. ‘కాస్త లావుది వేస్తే పోలా’ అనుకోకండి. 2 నుంచి 3 ఎంఎంకి వెళ్తే బిగుతు ఏకంగా 5 రెట్లు పెరుగుతుంది. ఇంకో మాట.. వంగట్లేదని గ్యాస్ స్టవ్ మీద మాత్రం కాల్చొద్దు. ఎర్రగా కాలిందంటే దాని స్ప్రింగ్ గుణం పోయినట్టే. వైస్‌లో బిగించి చల్లగా ఉన్నప్పుడే వంచాలి. తుప్పు పడుతుంది కాబట్టి అప్పుడప్పుడూ నూనె గుడ్డతో తుడవాలి.

లుక్ కావాలంటే అల్యూమినియం పట్టీ. గిన్నెలు చేసే మెత్తటి రేకు పనికిరాదు. 2024-టీ3, 6061-టీ6, 7075-టీ6 లాంటి నంబర్లు అడిగి తీసుకోండి. వంపు మరీ పదునుగా ఉంటే అక్కడే పగులుతుంది. మందానికి కనీసం 5 రెట్ల రేడియస్ ఇవ్వండి, 7075 అయితే ఇంకా ఎక్కువ. మార్కింగ్‌కి మేకుతో గీయకుండా మార్కర్ వాడండి. ఆ గీతే రేపు పగులుకు దారి.

సెస్నా మోడల్ చేసేవాళ్లకి పట్టీ కాలు నిజంగా స్కేలే. 1946లో వచ్చిన అసలు సెస్నా 140 కాళ్లు స్ప్రింగ్ స్టీల్ పట్టీలే మరి! స్టీవ్ విట్మన్ అనే రేసింగ్ పైలట్ ఐడియా అది. స్పిట్‌ఫైర్ లాంటివైతే గొట్టం లోపల స్ప్రింగ్ దాచాల్సిందే.

కార్బన్ ఫైబర్ తేలిక, సూపర్ లుక్. కానీ హద్దు దాటితే వంగదు, పుటుక్కున విరుగుతుంది. నా ఓటు గ్లాస్ ఎపాక్సీ షీట్‌కే. సర్క్యూట్ బోర్డులు చేసే ఎఫ్ఆర్4 ఇదే. ఎలక్ట్రానిక్స్ పుట్టిన పేటలో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే విచిత్రం! కార్బన్ కన్నా కాస్త బరువు, కానీ బాగా వంగి తిరిగొస్తుంది, పైగా చవక. ఏది కోసినా మాస్క్ తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇక బిగింపు. స్టీల్ బోల్టులు కాదు, నైలాన్ బోల్టులు వేయండి. పెద్ద దెబ్బ తగిలితే ఇంట్లో ఫ్యూజ్ ఎగిరినట్టు అవి తెగిపోతాయి, పొట్ట మిగులుతుంది. జేబులో నాలుగు ఎక్స్‌ట్రా పెట్టుకుంటే అరగంటలో మళ్లీ గాల్లోకి. మనం దిగేది తారు రన్‌వే మీద కాదు కదా, రాళ్లు, గడ్డి ఉన్న మైదానంలో. అందుకే చక్రాలు కూడా ఒక సైజు పెద్దవే మేలు.

కాలనీ టెర్రస్ మీంచి మాత్రం ఎగరేయొద్దు. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఇక్కడికి దూరమేమీ కాదు. 2021 డ్రోన్ రూల్స్ 25 కిలోల లోపు మోడల్ విమానాలకీ వర్తిస్తాయి. కంటికి కనిపించే దూరంలోనే ఎగరాలి. బయల్దేరే ముందే డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూసుకోండి.

దానికన్నా ముందు ఇంట్లో ఒక టెస్ట్. ప్రొపెల్లర్ విప్పి, బ్యాటరీ పెట్టి, పక్కనే ఫోన్ నిలబెట్టి అంత ఎత్తు నుంచి విమానాన్ని సమానంగా వదలండి. పది సార్లు. చక్రాల మధ్య దూరం ముందూ వెనకా టేపుతో కొలవండి. దూరం పెరిగిందా, మీ కాలు మెత్తన. పెరగలేదు గానీ లోపల ప్లైవుడ్ దగ్గర సన్నటి చీలిక కనిపించిందా, కాలు మరీ మొండి. ఇంకో సైజు వైర్ కోసం కుషాయిగూడ వైపు బండి తీయండి.