మనసుకూ ఒక పద్దు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



నెల మొదట్లో మనమందరం కాగితం ముందు పెట్టుకుని పద్దు రాసుకుంటాం. బియ్యం, పప్పులు, పాలు, కరెంటు, పిల్లల ఫీజులు. పద్దులో ఎక్కినదానికి ఎలాగో డబ్బు సర్దుతాం. ఎక్కనిదానికి నెలాఖరుకు కానీ కూడా మిగలదు. ప్రభుత్వం పద్దూ అంతే. మన పిల్లల మనసు బాగోగులకు ఆ పద్దులో దక్కుతున్న చోటెంతో ఇవాళ చెప్పుకుందాం.

పిల్లవాడికి ఒళ్లు వెచ్చబడితే వెంటనే థర్మామీటరు పెడతాం. అదే పిల్లవాడు రెండు మూడు వారాలుగా సరిగా తినడు, నిద్రపోడు, స్నేహితుల్ని తప్పించుకు తిరుగుతాడు, ఇష్టమైన ఆట కూడా మానేస్తాడు. అప్పుడేమంటాం? "వయసు అలాంటిది", "పొగరెక్కింది", "అంతా ఆ సెల్‌ఫోను వల్లే" అంటాం. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అంటే అరవైమంది కూర్చునే తరగతిలో నలుగురన్నమాట! ఆ నలుగురిలో మన పిల్ల ఉండదని ఎవరు చెప్పగలరు?

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందని పెద్దలన్నారు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయేమో, చుట్టాలు చెవులు కొరుక్కుంటారేమో అని మనం దాచిపెడతాం. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,000 మందికి పైనే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు పోయారన్న వార్తలు మనమింకా మరచిపోలేదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగుకు వచ్చిన 17 ఏళ్ల విద్యార్థిని మరణం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలైలో ఆ కేసులో కోర్టు దేశమంతటికీ కొన్ని నియమాలు పెట్టింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలరో, మనస్తత్వ నిపుణులో ఒకరైనా ఉండాలన్నది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదీయరాదు, నలుగురిలో అవమానించరాదు అన్నది. చాలా మంచి మాట. అయితే కౌన్సెలరుకు జీతం ఎవరివ్వాలి? ప్రభుత్వ కాలేజీలో ఆ పద్దు ఎక్కడుంది? ఈ ప్రశ్న మనం అడగాలి.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లోనే మొదలైంది. 12వ పంచవర్ష ప్రణాళిక రోజుల్లో ఒక్కో జిల్లాకు ఏడాదికి 83.2 లక్షల రూపాయల వరకూ ఇవ్వవచ్చని నిర్ణయించారు. వినడానికి పెద్ద మొత్తమే. ఇరవై లక్షల జనాభా ఉన్న జిల్లాలో పంచి చూడండి. తలకు ఏడాదికి నాలుగు రూపాయల చిల్లర! అలాగే, ఫోనులో ఉచితంగా సలహా ఇచ్చే టెలీ మానస్ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. దానికి 2023–24 బడ్జెట్‌లో దాదాపు 134 కోట్లు చూపి, మరుసటి ఏడు 90 కోట్లకు తగ్గించారు.

ఇక కుటుంబం సంగతి. పిల్లకు జబ్బయితే కూర్చునేది తల్లే. జిల్లా నుంచి ఎర్రగడ్డకో, విశాఖకో నెలనెలా తీసుకు వెళ్లాలంటే బస్సు ఛార్జీలు, మందులు, పోయిన రోజు కూలి, ఇంట్లో మిగిలిన పిల్లల్ని ఎవరికి అప్పగించడం - ఇవన్నీ ఖర్చులే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికే కాదు, కుటుంబానికి కూడా అండగా సేవలుండాలంటోంది. అంచేత మందులు దగ్గరి ఆసుపత్రిలోనే దొరకాలి. తల్లిదండ్రులకు నెలకోసారైనా సలహా చెప్పేవారుండాలి. దారి ఖర్చుకు సాయముండాలి. ఇది దానం కాదు, చట్టం ఒప్పుకున్న అండ.

మరి మనమేం చెయ్యగలం? కాలేజీలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు, "ఇక్కడ కౌన్సెలరు ఎవరండీ? ఏ రోజుల్లో ఉంటారు?" అని అడగండి. లేరంటే నలుగురు తల్లులు కలిసి కలెక్టరుగారికీ, ఎమ్మెల్యేగారికీ ఒక అర్జీ పెట్టండి. ఆరోగ్య బీమా ఉంటే, మనసు జబ్బులకు వర్తిస్తుందో లేదో కనుక్కోండి. శరీరానికి ఇచ్చినట్టే మనసుకూ ఇవ్వాలన్నది అదే చట్టం.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. "బతకాలని లేదమ్మా" అని పిల్ల అంటే కోప్పడకండి, తీసిపారెయ్యకండి. ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చుని విని, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకు వెళ్లండి. 14416కు ఫోను చేస్తే రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడతారు. గోడ మీద క్యాలెండరుకు ఈ నంబరు రాసి పెట్టుకోండి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పిల్లల కోసం ఇప్పుడు అమ్మలమే అడగాలి.