తేదీ లేని సిఫారసు చీటీ

కంటిశుక్లములకు శస్త్రచికిత్స నేడు ఒకపూటలో ముగియుచున్నది. ఉదయము ఆసుపత్రికి వచ్చిన రోగి సాయంకాలమునకు ఇల్లు చేరగలడు. వైద్యశాస్త్రము ఇంత సులభము చేసినదానిని పరిపాలనము కష్టతరము చేయుట శోచనీయము.

ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వ్రాసియిచ్చు చీటీలో పెద్దాసుపత్రి పేరుండును గాని, పెక్కుచోట్ల తేదీ యుండదు. రోగి వరుసలో నిలిచి వైద్యుని చూచుటకు ఒక దినము, రక్తపోటు, మధుమేహ పరీక్షలకు మరియొక దినము, శస్త్రచికిత్సకు వేరొక దినము. ఒకపూట చికిత్సకు మూడు ప్రయాణములు! వృద్ధునకు తోడు వచ్చిన కుమారుని కూలియు మూడుమారులు పోవును.

ఇంగ్లాండులో వైద్యుడు సిఫారసు చేయునపుడే ఆసుపత్రిని, తేదీని, వేళను నిర్ణయించుకొనుటకు వీలైన కంప్యూటరు పద్ధతి 2015 జూనునుండి నడచుచున్నది. కుటుంబవైద్యులు కాగితముపై పంపిన రోగుల తొలి సందర్శనములకు ఆసుపత్రులకు సొమ్ము చెల్లించుటను అచటి ప్రభుత్వ ఆరోగ్యసేవవారు 2018 అక్టోబరునుండి నిలిపివేసిరి. మన దేశమునను 2015లోనే ఆన్‌లైను రిజిస్ట్రేషను ఆరంభమైనది. కాని అది ముఖ్యముగా ఓపీ దర్శనమునకే ఉపకరించుచున్నది.

మేము కోరునది స్వల్పము. పరీక్షలు ఆరోగ్యకేంద్రముననే జరుగవలెను. చీటీ వ్రాసిన దినముననే శస్త్రచికిత్స తేదీ రోగి చేతికి రావలెను. రాలేనివారు ముందుగా తెలిపినచో ఆ ఖాళీని మరియొకరికి ఈయవలెను. జిల్లా వైద్యాధికారులు ఒక్క నేత్రవిభాగముననైనను దీనిని ముందుగా ఆచరించి చూపుదురుగాక!