పాచిక అందరికి ఒక్కటే

యుద్ధమును బల్లమీద ఆడుట క్రొత్త సంగతి కాదు. ప్రష్యా సైన్యములోని రైస్విట్జ్ అను యువకుడు 1824లో పటములతోను, దిమ్మెలతోను, పాచికలతోను ఆడు యుద్ధక్రీడకు నియమములు ప్రకటించెను. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల ఆటపై ఒక పుస్తకమే వ్రాసెను. 1987లో బ్రిటనులో వెలువడిన 'వార్‌హామర్ 40,000' ఆ వంశములోనిదే. నేడు దానికి అనేక దేశములలో పోటీలు జరుగుచున్నవి.

ఈ ఆటలో బొమ్మల సేనలు అంగుళముల లెక్కన కదలును. గుండు తగిలినదా లేదా అన్నది పాచిక తేల్చును. అట్లయిన గెలుపు అదృష్టమే గదా! కాని పోటీలలో పై వరుసను అవే పేర్లు మరల మరల కనబడుటకు కారణమేమి?

ఒక ఘట్టము చూడుడు. శత్రువుపై దూకవలెనన్న రెండు పాచికలు వేయవలెను. మొత్తమెంతయో అన్ని అంగుళములు పోవచ్చును. మనకు 9 కావలెననుకొందము. రెండు పాచికలు పడు విధములు 36. అందులో 9 గాని అంతకు మించి గాని వచ్చునవి 10 మాత్రమే, అనగా నూటికి 28 పాళ్లు. 7 చాలినచో 21 విధములు, నూటికి 58 పాళ్లు. రెండంగుళములు దగ్గరైనంతనే అవకాశము రెట్టింపైనది! ఒకసారి తిరిగి వేయు హక్కును ఖర్చు పెట్టినను 9 వచ్చుటకు అవకాశము 48 పాళ్లు దాటదు. విద్యార్థులు కాగితముమీద 36 గడులు గీచి ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును.

సామాన్య క్రీడాకారునికి ఈ గణితము తెలియదనరాదు. చాలమందికి తెలియును. అయితే అతనికి అది పాచికలు చేతబట్టిన పిమ్మట జ్ఞప్తికి వచ్చును. నిపుణుడు అంతకు ముందే, బొమ్మను కదల్చునప్పుడే, ఆ రెండంగుళములు సంపాదించి పెట్టుకొనును. అసలు భేదము ఇక్కడనే యున్నదని నా అభిప్రాయము.

మరియొక పొరపాటు కలదు. మూడు పనులు వరుసగా ఫలింపవలెను. ఒక్కొక్కదానికి మూడింట రెండు వంతుల అవకాశమున్నది. ప్రతి మెట్టు నమ్మదగినదిగానే తోచును. మూడును కలిసి ఫలించుటకు అవకాశము 27లో 8 మాత్రమే! పథకము చెడగానే సామాన్యుడు పాచికను తిట్టును. నిపుణుడు మొదటి మెట్టు తప్పిన ఏమి చేయవలెనో ముందే నిర్ణయించుకొని యుండును. పైగా మార్కులు చాలవరకు గుర్తించిన స్థలములను పట్టి నిలిచినవానికి వచ్చును గాన, శత్రువులను చంపు ఉత్సాహములో అతడు వానిని విడిచిపోడు.

ఇంత ఆలోచన ఆ కొద్ది సమయములో ఎట్లు సాధ్యము? చదరంగముపై చేజ్, సైమన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించిన పరిశోధన దీనికి కొంత సమాధానమిచ్చును. నిజమైన ఆటలోని బలగమును 5 సెకనులు చూపి తీసివేయగా, ఉద్దండుడు సుమారు 16 పావులను సరిగా పేర్చెను. క్రొత్తవాడు 4 మాత్రమే. పావులను ఇష్టము వచ్చినట్లు చెదరగొట్టి చూపినప్పుడు ఆ ఆధిక్యము దాదాపు మాయమయ్యెను. ఉద్దండుని జ్ఞాపకశక్తి అందరిదివంటిదే. వేల ఆటలలో చూచిన అమరికలను అతడు విడి పావులుగా గాక గుంపులుగా గుర్తుపట్టుచున్నాడు.