హైవే ఎక్కగానే కారు అద్దం దగ్గర ఈల సౌండ్ వస్తోందా? బీడింగ్ మార్చే ముందు ఈ టేప్ టెస్ట్ చేయండి

స్పీడ్ 80 దాటగానే డ్రైవర్ చెవి పక్కనే సన్నగా ఈల మొదలవుతుంది. అద్దం పూర్తిగా పైకే ఉంటుంది, అయినా కొంచెం దించినట్టే వినిపిస్తుంది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు 40వ నెంబర్ జాతీయ రహదారి మీద పాత కారుతో తిరిగేవాళ్లకు ఈ సౌండ్ కొత్తేమీ కాదు. టౌన్‌లో వినపడదు. శిరివెళ్ల వైపు రోడ్డు ఖాళీ దొరికాకే బయటపడుతుంది.

కొందరు పాటల సౌండ్ పెంచేస్తారు. కొందరు నేరుగా షెడ్డుకెళ్లి డోర్ బీడింగ్ మొత్తం మార్పించేస్తారు. డబ్బులు పోతాయి, సౌండ్ మాత్రం అలాగే ఉండొచ్చు. ఎందుకంటే తప్పు ప్రతిసారీ రబ్బర్‌దే కాదు.

స్పీడ్‌లోనే ఎందుకు?

కారు వేగంగా వెళ్తుంటే గాలి ముందు అద్దం అంచు దాటి పక్క అద్దాల మీదుగా దూసుకుపోతుంది. అక్కడ బయట ఒత్తిడి తగ్గుతుంది, లోపల ఎక్కువ ఉంటుంది. దాంతో అద్దాన్ని, డోర్ పై ఫ్రేమ్‌ను బయటికి లాగినట్టవుతుంది. స్పీడ్ 50 నుంచి 100కి పెరిగితే ఈ లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. షెడ్డులో నిలబెట్టి చూస్తే డోర్ బాగానే మూసుకున్నట్టు కనిపించేది ఇందుకే.

అసలు లీక్ ఎక్కడ?

దీనికి మాస్కింగ్ టేప్ చాలు. పెయింటర్లు వాడే ఆ పేపర్ టేప్‌ను సైడ్ మిర్రర్ కింది తిక్కోణం ముక్క చుట్టూ, డోర్ ఫ్రేమ్‌కూ బాడీకీ మధ్య సందులో, అద్దం ఫ్రేమ్‌లోకి దూరే అంచు వెంట, అద్దం కింద ఉండే బయటి పట్టీ మీద అంటించండి. డ్రైవర్ కూర్చున్నాక బయటి నుంచి ఇంకొకరు అంటించాలి. డోర్ గట్టిగా తోస్తే పేపర్ టేప్ తెగిపోతుంది కాబట్టి లోపల ఇరుక్కుపోతామన్న భయం లేదు. మిర్రర్, చూపు మాత్రం మూసుకుపోకూడదు.

ఇప్పుడు అదే రోడ్డు మీద, అదే స్పీడ్‌లో, ఏసీ ఫ్యాన్ ఆపేసి వెళ్లండి. స్పీడ్ లిమిట్ లోపలే సౌండ్ వచ్చేస్తుంది, దాటాల్సిన పనిలేదు. చెవి పెట్టి వినే పని పక్కన కూర్చున్నవాళ్లది, డ్రైవర్‌ది కాదు. ఈల ఆగిపోయిందా? కారు పక్కకు ఆపి ఒక్కో టేప్ తీస్తూ మళ్లీ వెళ్లండి. ఏది తీశాక సౌండ్ తిరిగొస్తే లీక్ అక్కడే. అన్నీ అంటించినా ఆగలేదంటే డోర్‌ను వదిలేసి ముందు అద్దం బీడింగ్, రూఫ్ పట్టీలు, వాన కోసం తగిలించిన డోర్ వైజర్ చూడాలి.

ఒక చిన్న తిరకాసు. ఆళ్లగడ్డ రూట్ దాదాపు ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. జూన్, జులైలో పడమటి గాలి అడ్డంగా కొడుతుంది కాబట్టి పోయేటప్పుడు ఒక రకంగా, వచ్చేటప్పుడు ఇంకో రకంగా వినిపిస్తుంది. రెండు వైపులా తిరిగాకే లెక్క తేల్చండి. పని అయ్యాక టేప్ వెంటనే తీసేయాలి. నంద్యాల ఎండకు వదిలేస్తే జిగురు పెయింట్‌కు పట్టేస్తుంది.

రిపేర్ ఏంటి?

ఫ్రేమ్ దగ్గర లీక్ అయితే కాగితం ముక్క పెట్టి డోర్ మూసి లాగండి. సులువుగా జారి వచ్చేచోట బీడింగ్ నొక్కుకోవడం లేదన్నమాట. రబ్బర్ గట్టిపడి పగిలితే మార్చాల్సిందే. రబ్బర్ మెత్తగానే ఉంటే బాడీ మీద డోర్ లాక్ పట్టుకునే కొక్కేన్ని చూడాలి. దాని చుట్టూ పెన్నుతో గీత గీసి, బోల్టులు వదులు చేసి, ఒక మిల్లీమీటర్ లోపలికి జరిపి బిగిస్తే డోర్ టైట్ అవుతుంది. ఎక్కువ జరిపితే డోర్ సరిగ్గా లాక్ కాదు, అది ప్రమాదం. చేతి అలవాటు లేకపోతే మెకానిక్‌తోనే చేయించండి.

అద్దం అంచున లీక్ అయితే ముందు అది పూర్తిగా పైకి వెళ్తోందో లేదో చూడండి. గాడిలో దుమ్ము పేరుకుంటే కాస్త కిందే ఆగిపోతుంది. తడిగుడ్డతో గాడి తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. ఇంజిన్ ఆయిల్, గ్రీజు, డీజిల్ వద్దు, వాటికి రబ్బర్ ఉబ్బిపోతుంది. బ్యాటరీ తీసి పెట్టాక సమస్య మొదలైతే కొన్ని కార్లలో పవర్ విండోను రీసెట్ చేస్తే చాలు. ఎలా చేయాలో కారు మాన్యువల్‌లో ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ ఈలను తేలిగ్గా తీసుకోవద్దు. ఒక్క డోర్ దగ్గరే హోరు వస్తూ మిగతా మూడూ నిశ్శబ్దంగా ఉంటే, ఆ డోర్ ఎప్పుడో ఊడదీసి డెంటింగ్ చేసి ఉండొచ్చు. డోర్ చుట్టూ సందులు సమానంగా ఉన్నాయా, కీలు బోల్టుల మీద పెయింట్ చెదిరిందా చూశాకే బేరం మాట్లాడండి.

సౌండ్ ఆపాలని కొందరు డోర్ అంతటా సీలెంట్ పూసేస్తుంటారు. డోర్ అడుగున ఉండే చిన్న రంధ్రాలు మాత్రం మూయకూడదు. అద్దం వెంట లోపలికి దిగే వాన నీళ్లు బయటికి పోయే దారి అదే. మూసేస్తే డోర్ లోపల తుప్పు పడుతుంది, పవర్ విండో మోటార్ కూడా పాడవుతుంది.