వయసు మళ్లిన స్టార్: జట్టుకు బలమా, బరువా?

2020-21 సీజన్‌లో ఇటలీ లీగ్ సెరీ ఆలో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినవాడు క్రిస్టియానో రొనాల్డో. మొత్తం 29 గోల్స్. సీజన్ మధ్యలోనే అతనికి 36 ఏళ్లు నిండాయి. అదే సీజన్‌లో అతని జట్టు యువెంటస్, అంతకుముందు వరుసగా తొమ్మిదిసార్లు గెలిచిన టైటిల్‌ను పోగొట్టుకుని నాలుగో స్థానానికి జారింది. గోల్స్ కొట్టడంలో మొనగాడు తమ దగ్గరే ఉన్నా కప్పు ఇంటర్ మిలాన్ ఎత్తుకుపోయింది.

అదే ఏడాది స్పెయిన్‌లో కథ తిరగబడింది. బార్సిలోనాకు 198 గోల్స్ కొట్టిపెట్టిన లూయిస్ సువారెజ్‌కు అప్పటికి 33 ఏళ్లు. కొత్త కోచ్ రొనాల్డ్ కూమన్ ఫోన్ చేసి, తన ప్రణాళికలో చోటు లేదని చెప్పేశాడు. జీతాల భారంతో సతమతమవుతున్న క్లబ్ అతన్ని దాదాపు ఉచితంగా అట్లెటికో మాడ్రిడ్‌కు వదిలేసింది. అక్కడ సువారెజ్ లీగ్‌లో 21 గోల్స్ చేశాడు. చివరి రోజు వయ్యదోలిద్ మీద గెలుపు గోల్ కూడా అతనిదే. అట్లెటికో 86 పాయింట్లతో ఛాంపియన్ అయింది, రియల్ మాడ్రిడ్ 84 దగ్గర ఆగింది. వదులుకున్న బార్సిలోనా మూడో స్థానంలో మిగిలింది.

ఇద్దరూ ముప్పై దాటినవాళ్లే. ఇద్దరూ గోల్స్ కొట్టారు. ఒకరి జట్టు ఎక్కింది, ఇంకొకరి జట్టు దిగింది. వయసు మళ్లిన పెద్ద ఫార్వర్డ్‌ను తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న ప్రతి ట్రాన్స్‌ఫర్ సీజన్‌లో ఏదో ఒక క్లబ్ ముందుకు వస్తూనే ఉంటుంది. గోల్స్ లెక్క ఒక్కటే చూస్తే దీనికి జవాబు దొరకదు.

ముందు డబ్బు సంగతి. ఐపీఎల్ వేలంలో పాడిన మొత్తం ఆటగాడికే జీతంగా అందుతుంది. ఫుట్‌బాల్‌లో అలా కాదు. ఒప్పందం మధ్యలో ఉన్న ఆటగాడు కావాలంటే పాత క్లబ్‌కు ధర కట్టాలి, ఆ పైన ఆటగాడికి ఏళ్ల తరబడి జీతం ఇవ్వాలి. కట్టిన ధరను క్లబ్ లెక్కల్లో ఒప్పందం ఉన్నన్ని ఏళ్లకూ పంచి రాస్తారు. 2018లో యువెంటస్ 33 ఏళ్ల రొనాల్డో కోసం రియల్ మాడ్రిడ్‌కు 10 కోట్ల యూరోలు కట్టి నాలుగేళ్ల ఒప్పందం రాసుకుంది. అంటే ధర వరకే ఏటా రెండున్నర కోట్ల యూరోలు. జీతం దీనికి అదనం. 23 ఏళ్ల కుర్రాడి మీద ఇంత పెడితే నాలుగేళ్ల తర్వాత అమ్ముకుని రాబట్టుకోవచ్చు. రొనాల్డోను మూడేళ్లకే మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మినప్పుడు యువెంటస్‌కు ఖాయంగా దక్కింది కోటిన్నర యూరోలు. షరతులు నెరవేరితే మరో 80 లక్షలు.

ఇంతకీ అతన్ని తెచ్చుకున్నది ఛాంపియన్స్ లీగ్ గెలవడానికి. రొనాల్డో లేని రోజుల్లో, 2015లోనూ 2017లోనూ యువెంటస్ ఆ టోర్నీ ఫైనల్ ఆడింది. అతను వచ్చాక అయాక్స్, లియాన్, పోర్టో చేతుల్లో ఓడి ఒక్కసారి కూడా సెమీస్ చేరలేదు. 134 మ్యాచ్‌ల్లో 101 గోల్స్ కొట్టిన ఆటగాడిని అసమర్థుడని ఎవరూ అనలేరు. తప్పు ఆటగాడిది కాదు, కొనుగోలుది.

జెర్సీల అమ్మకంతోనే పెట్టుబడి తిరిగొస్తుందని అభిమానులు గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. అడిడాస్ వంటి కంపెనీలు క్లబ్‌కు ముందుగానే పెద్ద మొత్తం ఇచ్చి జెర్సీ హక్కులు తీసుకుంటాయి. యునైటెడ్‌తో 2015లో మొదలైన పదేళ్ల ఒప్పందం విలువ 75 కోట్ల పౌండ్లు. ఆ తర్వాత అమ్ముడయ్యే ఒక్కో జెర్సీ మీద క్లబ్‌కు వచ్చేది చిన్న వాటాయే. సంబరమంతా దుకాణం ముందు కనిపిస్తుంది గానీ లాభంలో ఎక్కువ భాగం కంపెనీదే.

ఇక ఒంటి సంగతి. ముప్పై దాటాక ముందుగా తగ్గేది తొలి నాలుగైదు అడుగుల చురుకు. తర్వాత, మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య కోలుకునే వేగం. తొడ కండరం పట్టేస్తే మానడానికి పట్టే రోజులు పెరుగుతాయి. చూపు, బంతి ఎక్కడ పడుతుందో పసిగట్టే తెలివి, గోల్ ముందు కంగారుపడని నిబ్బరం మాత్రం చెక్కుచెదరవు. అందుకే అంచుల వెంట పరుగుతో బతికే వింగర్లు తొందరగా వెనకబడతారు, పెనాల్టీ బాక్స్‌లో నిలబడి ఆడే స్ట్రైకర్లు ఎక్కువ కాలం నిలుస్తారు.

ఇక్కడే చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. నేటి ఫుట్‌బాల్‌లో ఫార్వర్డే మొదటి డిఫెండర్. బంతి పోయిన మరుక్షణం ఎదుటి డిఫెండర్ల మీదికి ఉరికి వాళ్లను తొందరపెట్టాలి. దీన్నే ప్రెసింగ్ అంటారు. క్రికెట్‌లో పరుగు తగ్గిన బ్యాటర్‌ను స్లిప్‌లో దాచిపెట్టవచ్చు. ఫుట్‌బాల్ మైదానంలో అలా దాచే చోటు లేదు. ముందున్నవాడు నిలబడిపోతే అతని పరుగు కూడా వెనకున్నవాళ్లే పరుగెత్తాలి.

2021లో యునైటెడ్‌కు సరిగ్గా ఇదే ఎదురైంది. రొనాల్డో తిరిగొచ్చాడన్న వార్తకు ఓల్డ్ ట్రాఫర్డ్ ఊగిపోయింది. మొదటి మ్యాచ్‌లోనే న్యూకాజిల్ మీద రెండు గోల్స్ కొట్టాడు. ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ దశలో విల్లారియల్, అటలాంటా మ్యాచ్‌ల చివరి నిమిషాల్లో జట్టును ఒడ్డున పడేసింది అతనే. ఆ సీజన్‌లో అన్ని టోర్నీల్లో కలిపి 24 గోల్స్ చేశాడు. జట్టు లెక్క చూస్తే మాత్రం మనసు చివుక్కుమంటుంది. అతను లేని ముందటి ఏడాది లీగ్‌లో 73 గోల్స్, 74 పాయింట్లు, రెండో స్థానం. అతను వచ్చిన ఏడాది 57 గోల్స్, 58 పాయింట్లు, ఆరో స్థానం. కొట్టినవి 57 అయితే ఇచ్చుకున్నవీ 57. నవంబర్‌లోనే కోచ్ సోల్‌షేర్ ఉద్యోగం పోయింది. ఈ పతనానికి రొనాల్డో ఒక్కడే కారణం కాదు, డిఫెన్స్ చిల్లులకు అతను బాధ్యుడూ కాదు. కానీ అంతకుముందు ఎదురుదాడుల వేగంతో బతికిన జట్టు, అతని చుట్టూ తన ఆటనే మార్చుకోవాల్సి వచ్చింది.

దీనికి పూర్తిగా భిన్నం ఏసీ మిలాన్. 2019 డిసెంబర్‌లో అటలాంటా చేతిలో 0-5తో చిత్తై 11వ స్థానంలో పడి ఉన్న ఆ జట్టు, 38 ఏళ్ల ఇబ్రహిమోవిచ్‌ను ఆరు నెలల ఒప్పందం మీద తెచ్చుకుంది. కుదిరితే పొడిగింపు, లేదంటే సెలవు. చుట్టూ ఉన్నది లియావో, థియో హెర్నాండెజ్ వంటి కుర్రాళ్లు. వాళ్లకు కావలసింది శిక్షణ మైదానంలో వెనకడుగు వేయనివ్వని పెద్దమనిషి. తర్వాతి సీజన్‌లో ఇబ్రా 19 లీగ్ మ్యాచ్‌ల్లో 15 గోల్స్ చేశాడు, జట్టు రెండో స్థానానికి ఎగబాకింది. ఆ మరుసటి ఏడు, 11 ఏళ్ల తర్వాత టైటిల్ గెలిచింది. ఎడమ మోకాలి లిగమెంట్ తెగి ఉండగానే ఆరు నెలలు ఆడానని ఇబ్రా ఆ తర్వాతే బయటపెట్టాడు.

ఆ టైటిల్‌లో ఇంకో పెద్దవాడి చేయి కూడా ఉంది. 34 ఏళ్ల ఒలివియర్ జిరూను మిలాన్ చెల్సీ నుంచి చాలా తక్కువ ధరకు తెచ్చుకుంది. ఇంటర్‌తో డెర్బీలో 0-1తో వెనకబడి ఉన్నప్పుడు మూడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి మ్యాచ్ తిప్పేశాడు. చివరి రోజు సస్సుయోలో మీద మరో రెండు. మిలాన్‌కు 86 పాయింట్లు, ఇంటర్‌కు 84. ఆ డెర్బీ ఓడిపోయి ఉంటే కప్పు అటే పోయేది.

ఈ లెక్కలన్నిటికీ ఎదురు నిలిచినవాడు లెవాండోవ్‌స్కీ. 34 నిండబోతున్న అతనికి బార్సిలోనా 2022లో నాలుగున్నర కోట్ల యూరోలు కట్టినప్పుడు చాలామంది పెదవి విరిచారు. మొదటి ఏడాదే 23 లీగ్ గోల్స్‌తో టైటిల్ తెచ్చాడు, 36 ఏళ్ల వయసులో మరో 27 కొట్టి ఇంకో టైటిల్ గెలిపించాడు. అయినా ఇతన్ని చూసి వాత పెట్టుకోవడం సాహసమే. అలాంటి ఒళ్లు కోటికొకరికి ఉంటుంది.

మన దగ్గరా రెండు రకాలూ కనిపిస్తాయి. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ తొలి సీజన్‌కు ఢిల్లీ డైనమోస్ ఇటలీ దిగ్గజం డెల్ పియెరోను రప్పించింది. అతని పేరుకు జనం వచ్చారు. గోల్ మాత్రం ఒక్కటే వచ్చింది. 2021లో హైదరాబాద్ ఎఫ్‌సీ అలా పేరు చూడలేదు. అప్పటికే మూడు ఐఎస్ఎల్ క్లబ్‌లకు ఆడి, ఇక్కడి ఎండకూ మైదానాలకూ అలవాటుపడిన 36 ఏళ్ల నైజీరియా స్ట్రైకర్ బార్తొలోమ్యు ఓగ్బెచేను కోచ్ మనోలో మార్క్వెజ్ ఎంచుకున్నాడు. ఆ సీజన్‌లో ఓగ్బెచే 18 గోల్స్‌తో గోల్డెన్ బూట్ గెలిచాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో, పెనాల్టీ షూటౌట్‌లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి హైదరాబాద్ కప్పు ఎత్తింది. పెద్దవాడిని తీసుకోవడమంటే ఇలా తీసుకోవాలి: ఏ పని చేయించుకోవాలో తెలిసి, ఆ పని నిన్నమొన్నటి దాకా చేసినవాడిని చూసి, ఏడాదో రెండేళ్లో గడువు పెట్టుకుని. నాలుగేళ్ల ఒప్పందమూ, కోట్ల ధరా అడిగితే ఎంతటి పేరున్నవాడినైనా వదులుకోవాలి.

తీసుకునే పెద్దవాడి వెనక ఎదుగుతున్నవాడు ఉన్నాడా అన్నది కూడా చూడాలి. మిలాన్‌కు లియావో ఉన్నాడు. భారత జట్టుకు అలాంటివాడు లేడు. అదే మార్క్వెజ్ జాతీయ కోచ్ అయ్యాక 2025 మార్చిలో, రిటైరైపోయిన 40 ఏళ్ల సునీల్ ఛెత్రీని వెనక్కి పిలవాల్సి వచ్చింది. పిలవడం తప్పు కాదు. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో 14 గోల్స్ కొట్టి భారతీయుల్లో ముందున్నది అతనే. తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే మాల్దీవులపై గోల్ చేశాడు. కానీ క్లబ్‌లు సెంటర్ ఫార్వర్డ్ స్థానాన్ని ఏటా విదేశీయులకే అప్పగిస్తుంటే ఛెత్రీ తర్వాత ఎవరన్న ప్రశ్నకు జవాబు ఎక్కణ్నుంచి వస్తుంది? మాల్దీవుల మ్యాచ్ తర్వాత భారత్ బంగ్లాదేశ్‌తో గోల్ లేని డ్రా చేసుకుంది, హాంకాంగ్ చేతిలో 0-1తో ఓడింది, అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలోనూ ఓడి 2027 ఆసియా కప్‌కు అర్హత పోగొట్టుకుంది.