పాత పాస్‌వర్డ్ ఎక్కడ దాక్కుంది?

ఆఫీసు నెట్‌వర్క్ పాస్‌వర్డ్ గడువు తీరింది. ఉద్యోగిని ఉదయం కొత్తది పెట్టుకుని పనిలో పడింది. భోజనాల వేళకు అకౌంట్ లాకైంది. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే తెరిచి ఇచ్చారు. అరగంట తిరక్కుండానే మళ్ళీ లాక్. కీబోర్డు మీద తప్పు నొక్కి ఉంటుందని పక్క సీటాయన అంటాడు, ఎవరో హ్యాక్ చేస్తున్నారేమోనని ఇంకొకరు భయపెడతారు. చాలాసార్లు ఈ రెండూ కారణం కావు. బ్యాగులో ఉన్న ఆమె ఫోనే నిమిషాల తేడాతో పాత పాస్‌వర్డ్‌ను ఆఫీసు వైఫైకి పంపుతూ ఉంటుంది.

చాలా ఆఫీసుల్లో ఉద్యోగుల అకౌంట్లన్నీ యాక్టివ్ డైరెక్టరీ అనే వ్యవస్థలో ఉంటాయి. విండోస్ 2000తో వచ్చిన ఈ వ్యవస్థను డొమైన్ కంట్రోలర్లనే సర్వర్లు నడుపుతాయి. పాస్‌వర్డ్ మార్చినప్పుడు మారేది అక్కడే. అంతకుముందు వివిధ చోట్ల ‘గుర్తుపెట్టుకో’ అని టిక్కు పెట్టి దాచిన ప్రతులకు ఆ సంగతి తెలియదు. ఫోన్‌లోని వైఫై సెట్టింగు, మెయిల్ యాప్, కంప్యూటర్‌లో కలిపి ఉంచిన షేర్డ్ డ్రైవ్, రాత్రిపూట తనంతట తాను నడిచే షెడ్యూల్డ్ టాస్క్, బ్రౌజర్ అన్నీ పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. ఎప్పుడో వేరే మెషీన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళి, సైన్ అవుట్ చేయకుండా కిటికీ మాత్రం మూసేస్తే ఆ సెషన్ కూడా అక్కడ బతికే ఉంటుంది.

సర్వర్‌కు ఇవన్నీ తప్పు ప్రయత్నాలే. పాస్‌వర్డ్ ఊహించి లోపలికి రావాలని చూసే దొంగకూ, మరచిపోయిన ట్యాబ్లెట్‌కూ తేడా దానికి తెలియదు. అందుకే లెక్క పెడుతుంది. 10 నిమిషాల్లో 10 తప్పులు జరిగితే 10 నిమిషాలు లాక్ చేయమన్నది మైక్రోసాఫ్ట్ తన భద్రతా ప్రమాణాల్లో ఇచ్చిన సూచన. కొన్ని సంస్థలు ఇంకా తక్కువకే, మూడుకో ఐదుకో లాక్ చేస్తాయి. మనిషి పదిసార్లు తప్పు కొట్టడానికి చాలాసేపు పడుతుంది, యంత్రానికి పట్టదు.

ఇక్కడ ఐటీ విభాగాల్లో కూడా చాలామంది గమనించని విషయం ఒకటుంది. వచ్చిన తప్పు పాస్‌వర్డ్, ఆ ఉద్యోగి అంతకుముందు వాడిన చివరి రెండింటిలో ఒకటైతే, విండోస్ సర్వర్ 2003 నుంచి డొమైన్ కంట్రోలర్ దాన్ని తప్పుల లెక్కలో కలపదు. లోపలికి రానివ్వదు, అలాగని శిక్షా వేయదు. సరిగ్గా ఇలాంటి పాత ప్రతుల కోసమే చేసిన ఏర్పాటిది. కెర్బెరాస్, ఎన్‌టీఎల్‌ఎం పద్ధతుల్లో వచ్చే లాగిన్‌లకు ఇది వర్తిస్తుంది. వేరే పద్ధతిలో వచ్చే పాత పాస్‌వర్డ్ మాత్రం లెక్కలో పడవచ్చు; మొదటి మార్పుకే అకౌంట్ లాకైతే కారణం అదే కావచ్చు. ఇప్పుడు హెల్ప్‌డెస్క్‌లో రోజూ జరిగేది చూడండి. అకౌంట్ లాకైందని ఫోన్ రాగానే పాస్‌వర్డ్ రీసెట్ చేస్తారు. మళ్ళీ లాకైతే మళ్ళీ రీసెట్. రీసెట్ చేసిన ప్రతిసారీ, ఫోన్‌లో ఉన్నది పాత పాస్‌వర్డ్‌ల వరసలో ఒక స్థానం వెనక్కి జరుగుతుంది. ఉదయం మార్చినదాన్నీ కలిపి మూడో మార్పుకు, ఫోన్‌లో ఉన్న పాస్‌వర్డ్ ఆ చివరి రెండింటిలో ఉండదు. అప్పటిదాకా క్షమించిన సర్వర్ అక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుంది. సాయం చేద్దామని చేసిన పనే లాక్‌లను పెంచుతుంది. మూడు నాలుగు గడువుల కిందట అల్మారాలో పెట్టిన పాత ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టిన రోజే అకౌంట్ లాకవడానికీ ఇదే కారణం కావచ్చు.

కాబట్టి చేయాల్సింది రీసెట్ కాదు, వెతుకులాట. అకౌంట్ లాకైన ప్రతిసారీ డొమైన్ కంట్రోలర్ లాగ్‌లో 4740 నంబరుతో ఒక నమోదు పడుతుంది. తప్పు ప్రయత్నం ఏ కంప్యూటర్ నుంచి వచ్చిందో దాని పేరు అందులోనే ఉంటుంది. ఉద్యోగిని ల్యాప్‌టాప్ పేరుంటే ఆ ల్యాప్‌టాప్‌లోనే చూడాలి. వైఫై లాగిన్‌లను పరిశీలించే సర్వర్ పేరో, మెయిల్ సర్వర్ పేరో ఉంటే చూపు ఫోన్ల వైపు తిప్పాలి. ఒక్కోసారి ఆ గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు కెర్బెరాస్ వైఫల్యాలను చెప్పే 4771 నమోదులో ఐపీ అడ్రస్ దొరకవచ్చు. అనుభవమున్న హెల్ప్‌డెస్క్ కుర్రాడు లాగ్ తెరిచేలోపే అడిగే ప్రశ్న వేరే: “మేడం, మీ ఫోన్‌లో ఆఫీసు వైఫై ఉందా? ఒక్క పది నిమిషాలు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెడతారా?” ఆ పది నిమిషాల్లో లాక్ ఆగిపోతే సగం పని అయిపోయినట్టే. వైఫైని ‘ఫర్గెట్’ చేసి కొత్త పాస్‌వర్డ్‌తో మళ్ళీ కలపడమే మిగిలింది.

విండోస్ కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ తెరిస్తే, విండోస్ క్రెడెన్షియల్స్ కింద దాచిన పేర్ల వరస కనిపిస్తుంది. ఫైల్ సర్వర్, ప్రింట్ సర్వర్, రిమోట్ మెషీన్ పేర్లతో ఉన్న ఆఫీసు నమోదులను తీసేసినా నష్టం లేదు; అవసరమైనప్పుడు అదే మళ్ళీ అడుగుతుంది. మాక్‌లో సంగతి కాస్త వేరు. పాస్‌వర్డ్‌ను వేరే చోట మార్చితే మాక్‌లోని లాగిన్ కీచెయిన్ పాతదానితోనే తాళం వేసి ఉంటుంది. దాన్ని అప్‌డేట్ చేయమని అడిగినప్పుడు పాత పాస్‌వర్డే ఇవ్వాలి. గుర్తుంటే అక్కడ ఇచ్చేయడం మంచిది. కొత్త కీచెయిన్ చేసుకుంటే అంతకుముందు దాచినవన్నీ పక్కకు పోతాయి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళది ఇంకో చిక్కు. హైదరాబాద్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ భీమవరంలోనో ఖమ్మంలోనో కూర్చున్న వ్యక్తి పాస్‌వర్డ్‌ను వెబ్‌లో మార్చాడనుకుందాం. ల్యాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్క్‌లో లేదు. నెట్‌వర్క్ లేనప్పుడూ పని ఆగకుండా విండోస్ పాత లాగిన్‌ల ఆనవాళ్ళను తనలోనే దాచుకుంటుంది, కనుక ఆ ల్యాప్‌టాప్ పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది. ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ మాత్రం కొత్తది అడుగుతుంది. రెండూ కలవాలంటే ముందు కొత్తదానితో వీపీఎన్‌కు కనెక్టవ్వాలి, అది నడుస్తుండగానే స్క్రీన్ లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవాలి. ఈ రెండో అడుగు ఎవరూ చెప్పక రోజుల తరబడి రెండు పాస్‌వర్డ్‌లతో నెట్టుకొచ్చేవాళ్ళు ఉంటారు.

అసలు మూడు నెలలకోసారి ఎందుకు మార్చాలి? ఈ ప్రశ్న న్యాయమైనదే. అంకెలు, గుర్తులు కలపడం, తరచూ మార్చడం లాంటి నియమాలు వ్యాపించడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో వెలువరించిన పత్రం ఒక ప్రధాన కారణం. దాన్ని రాసిన బిల్ బర్, తన సలహాల్లో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో అన్నారు. అదే ఏడాది, పాస్‌వర్డ్ బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పేరుతో మార్పించవద్దని నిస్ట్ కొత్త మార్గదర్శకాల్లో సూచించింది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా తన ప్రమాణాల నుంచి గడువు నిబంధనను తీసేసింది. మార్పించిన ప్రతిసారీ జనం చివరి అంకెను మాత్రం పెంచుకుంటూ పోతారని అందరికీ తెలిసిందే. అయినా ఆ నిబంధనను పట్టుకున్న సంస్థలు ఇంకా ఉన్నాయి, వాటి హెల్ప్‌డెస్క్‌లు ఆ శ్రమ మోస్తూనే ఉన్నాయి.

మనిషి అకౌంట్‌తో సర్వర్ మీద సర్వీసులు నడపడం మాత్రం గడువు ఉన్నా లేకపోయినా మానుకోవాల్సిన అలవాటు. వాటి కోసం విండోస్ సర్వర్ 2012లో గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్లు వచ్చాయి. వాటి పాస్‌వర్డ్‌ను మామూలుగా 30 రోజులకోసారి వ్యవస్థే మార్చుకుంటుంది. దాన్ని ఏ ఉద్యోగీ టైప్ చేయడు, ఏ ఫోన్‌లోనూ దాచడు.